పది వారాలా, పరీక్ష హాలా?

బీటెక్ మూడో ఏడాది చదువుతున్న ఒక కుర్రాడికి హైదరాబాద్‌లోని అమెరికన్ బ్యాంకు కేంద్రంలో వేసవి ఇంటర్న్‌షిప్ వచ్చింది. మే చివర చేరాలి, పది వారాలు ఉండాలి. పని నచ్చితే చదువు పూర్తయ్యాక ఉద్యోగంలోకి తీసుకుంటారు. క్యాంపస్‌లో దాన్ని పీపీఓ అంటారు. వాళ్ల నాన్న ఆంధ్రా బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరు(పీఓ)గా చేరి, చీఫ్ మేనేజరు హోదాలో రిటైరైన మనిషి. ఈ వేసవిలో కొడుకుని నంద్యాల పంపించి బ్యాంకు కోచింగ్ ఇప్పించాలని ఆయన పట్టు. కుర్రాడి పెదనాన్న కూతురు నాలుగేళ్ల కిందట ఇలాంటి మరో కేంద్రంలో ఇంటర్న్‌గా చేరి, అక్కడే ఎనలిస్టు అయింది. ఆ అమ్మాయికీ, ఆమెకి బాబాయ్ అయ్యే కుర్రాడి నాన్నకీ మధ్య జరిగిన వాదన ఇది. ఇలాంటి మాటలు ఇప్పుడు చాలా తెలుగిళ్లలో నడుస్తున్నాయి. రెండు వైపులా బలముంది కాబట్టి విన్నది విన్నట్టు రాస్తున్నాను.

బాబాయ్: ఇంటర్న్‌షిప్ మీద నాకేం కోపం లేదమ్మాయ్. దాన్ని ఉద్యోగమే అనుకుని చుట్టాలందరికీ చెప్పుకుంటున్నారే, అదీ నా బాధ. పది వారాలు మెడలో కార్డు వేసి కూర్చోబెట్టి, చివర్లో ‘చూసి చెబుతాం’ అంటారు. మా దారి అలా కాదు. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ. మార్కులొస్తే లిస్టులో పేరుంటుంది, రాకపోతే ఉండదు. 1985లో బ్యాంకు ఉద్యోగాల బీఎస్ఆర్‌బీ పరీక్ష రాసినప్పుడు హైదరాబాద్‌లో నాకు తెలిసినవాడు ఒక్కడు లేడు. మా నాన్న కౌలు రైతు. నా పేపరు దిద్దినవాడికి ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఇప్పుడు వీడి భవిష్యత్తు ఎవరో ఒక మేనేజరు మెప్పు మీద ఆధారపడాలా?

అమ్మాయి: ఒక్కరి మెప్పు మీద కాదు బాబాయ్. సగం రోజులయ్యాక ఒకసారి కూర్చోబెట్టి ఎక్కడున్నావో చెబుతారు. చివర్లో మళ్లీ చూస్తారు. మేనేజరొక్కడే మార్కు వేసి ఊరుకోడు. పక్క టీమ్‌లో నీతో పనిచేసినవాళ్లనీ అడుగుతారు, తర్వాత అన్ని టీమ్‌ల మేనేజర్లూ కూర్చుని ఇంటర్న్‌లందరినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. మనుషులు చూసేదే, కాదనను. కానీ చూసేది పనిని. మీ పరీక్షలో సీటింగ్ అరేంజ్‌మెంట్ పజిల్ ఎంత వేగంగా తేల్చావో చూస్తారు. ఎనిమిది మంది గుండ్రటి బల్ల చుట్టూ ఎలా కూర్చున్నారో కనిపెట్టినవాడు లోన్ ఫైలు సరిగ్గా చదువుతాడని ఎక్కడుంది?

బాబాయ్: లేదు. అందుకే రెండేళ్ల ప్రొబేషన్ పెట్టారు. క్యాష్ కౌంటరు, క్లియరింగు, అడ్వాన్సులు అన్నీ తిప్పుతారు. కాకపోతే ఆ రెండేళ్లూ వాడు ఉద్యోగి. జీతముంటుంది, పీఎఫ్ ఉంటుంది. మీ పది వారాల్లో వాడు ఎవరు? సరే, అసలు అక్కడ ఏం చేయిస్తారు చెప్పు.

అమ్మాయి: మొదటి వారం సిస్టమ్ యాక్సెస్‌ల కోసం ఎదురుచూడటంతోనే సరిపోతుంది. మనీ లాండరింగ్ గురించి, ఖాతాదారుల సమాచారం బయట పెట్టకూడదనే దాని గురించి ఆన్‌లైన్ పాఠాలు చదివించి పరీక్ష పెడతారు. తర్వాత ఒక ప్రాజెక్టు ఇస్తారు. నాకు సెటిల్‌మెంట్ టీమ్ వచ్చింది. న్యూయార్క్‌లో షేర్లు కొంటారు, అమ్ముతారు. మా పుస్తకంలో ఉన్న లెక్కా, షేర్లు దాచే కస్టోడియన్ పంపే లెక్కా ప్రతి రోజూ సరిపోవాలి. సరిపోకపోతే దాన్ని బ్రేక్ అంటాం. అమెరికా 2024 మే 28 నుంచి టీ ప్లస్ వన్‌కి మారింది. సోమవారం కొన్నది మంగళవారానికల్లా తేలిపోవాలి. వాళ్లకి రాత్రి అయినప్పుడు మనకి పగలు కాబట్టి, వాళ్లు నిద్ర లేచేలోపు ఆ తేడాలు మేం పట్టుకోవాలి. ఈ పనులు హైదరాబాద్‌కి రావడానికి తక్కువ జీతాలొక్కటే కారణం కాదు, గడియారం కూడా.

బాబాయ్: మన దగ్గర టీ ప్లస్ వన్ 2023 జనవరికే అన్ని షేర్లకూ వచ్చేసింది. అమెరికావాడి కంటే మనమే ముందు.

అమ్మాయి: అవును. నేను ఇంటర్న్‌గా ఉన్న మూడో వారంలో ఒక బ్రేక్ వచ్చింది. మా దగ్గర 45,300 షేర్లు, కస్టోడియన్ దగ్గర 43,500. తేడా 1,800. సగం పూట ఏదో ట్రేడ్ తప్పిపోయిందని వెతికాను...

బాబాయ్: తొమ్మిదితో భాగించి చూశావా?

అమ్మాయి: నా పక్కన కూర్చున్న సీనియర్ కూడా సరిగ్గా అదే మాట అన్నారు బాబాయ్!

బాబాయ్: తేడా తొమ్మిదితో శేషం లేకుండా పోయిందంటే అంకెలు అటూఇటూ మారాయేమోనని ముందు అనుమానించాలి. 45కి 43, 3కి 5. ఎవడో చేత్తో కొట్టి ఉంటాడు. నేను చేరిన కొత్తలో జనరల్ లెడ్జర్ టాలీ కాక రాత్రి ఎనిమిదిన్నర వరకూ అందరం కూర్చుండిపోయేవాళ్లం. హెడ్ క్యాషియరు గారు ఒక మూల నుంచి ‘తొమ్మిదితో కొట్టండిరా’ అనేవారు.

ఆ క్షణంలో ఇద్దరూ ఒకే వృత్తివాళ్లని నాకు గట్టిగా అనిపించింది. ఒకరిది చేత్తో రాసిన లెడ్జరు, ఇంకొకరిది తెర మీది పట్టిక. తేడా వస్తే నిద్రపట్టకపోవడం మాత్రం ఇద్దరికీ ఒకటే. అయినా బాబాయ్ మెత్తబడలేదు.

బాబాయ్: నీకు తొమ్మిది సంగతి చెప్పినవాడు దొరికాడు. దొరకనివాడి మాటేంటి? వీడు పదో తరగతి దాకా తెలుగు మీడియం. మీటింగులో నలుగురు ఇంగ్లీషులో గలగలా మాట్లాడుతుంటే నోరు తెరవడు. పని వచ్చినా, వచ్చని చూపించుకోలేనివాడిని మీ పది వారాలు మింగేస్తాయి. కంప్యూటర్ ముందు కూర్చుని పరీక్ష రాస్తే మాట అక్కర్లేదు కదా.

అమ్మాయి: పీఓ పరీక్ష ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది బాబాయ్. క్లర్కు పరీక్షలకైతే 2021లో తెలుగుతో కలిపి పదమూడు ప్రాంతీయ భాషలు ఉండాలని కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. ఆఫీసరు పరీక్షకి ఆ వీలు లేదు. అయినా మీరన్నదాంట్లో నిజముంది. నా బ్యాచ్‌లో అందరికంటే బాగా కోడ్ రాసినవాడికి ఉద్యోగం రాలేదు. అతనికి ఇచ్చిన డేటా ఫైల్లో ఒక కాలమ్ తప్పుగా ఉంది. అడిగితే చులకనైపోతానని నోరు మెదపలేదు. రెండు వారాలు దాని మీదే ఏదో కట్టాడు. చివరి రోజు తెర మీద చూపించాక గానీ తప్పు బయటపడలేదు. ఇంగ్లీషు రాక కాదు, భయపడి పోగొట్టుకున్నాడు. పక్కవాడికి ఇంగ్లీషు అంతంతమాత్రమే. ‘ఈ లెక్క నాకు తేడాగా ఉంది, ఒకసారి చూస్తారా’ అని రెండో రోజే మెయిల్ పెట్టేవాడు. అతనికి ఆఫర్ వచ్చింది.

బాబాయ్: అడగడం తప్పు కాదని పల్లెటూరి పిల్లాడికి ఎవరు నేర్పారు? మా బళ్లో అడిగితే బెంచీ ఎక్కించేవారు.

అమ్మాయి: అందుకే వాడికి నేను చెబుతున్నది ఒక్కటే. మొదటి రెండు వారాల్లో ఎన్ని ప్రశ్నలడిగినా ఎవరూ ఏమీ అనుకోరు. ఆరో వారంలో అదే ప్రశ్న అడిగితే ఇన్నాళ్లూ ఏం చేశావంటారు. తప్పు చేస్తే అదే పూట చెప్పాలి. పని ముగిశాక తర్వాత వచ్చేవాడు నడపగలిగేలా రాసిపెట్టి రావాలి. బ్యాంకులో తెలివిగలవాళ్లకి కొదవ లేదు. తప్పు దాచని మనిషి కావాలి వాళ్లకి.

బాబాయ్: ఆ మాట ఒప్పుకుంటా. 2018లో బయటపడ్డ పంజాబ్ నేషనల్ బ్యాంకు బ్రాడీ హౌస్ శాఖ మోసం సంగతి చూడు. స్విఫ్ట్ సందేశాలు పోయాయి, కోర్ బ్యాంకింగులో మాత్రం ఎక్కలేదు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టుకోలేదు. తెలివి లేక జరిగిందా అది? కానీ మనిషి గుణం పది వారాల్లో బయటపడుతుందా తల్లీ? నాతో పదిహేనేళ్లు పనిచేసినవాడి గుణం పదహారో ఏట తెలిసింది.

అమ్మాయి: పూర్తిగా బయటపడదు. అందుకే ఇంటర్న్‌కి చూసే హక్కే తప్ప నొక్కే హక్కు ఇవ్వరు. మీ దగ్గరా అంతే కదా, ఎక్కించే మేకర్ ఒకరు, సరిచూసే చెకర్ ఒకరు. ఇంటర్న్ రెండూ కాదు. వాడు తయారుచేసింది ఇంకొకరి ఐడీతోనే వెళుతుంది, తప్పు వస్తే అడిగేది వాళ్లనే. ఉద్యోగంలో చేరాక మొదటి నెలల్లో ఒక రోజు నాకు మేకర్ హక్కులు వచ్చాయి. తెర మీద ‘సబ్మిట్’ బటన్ అన్నాళ్లూ బూడిద రంగులో ఉండేది, ఆ రోజు నీలంగా మారింది. ఒక చెల్లింపు సూచన ఎక్కించాలి. ఖాతా నంబరు నాలుగుసార్లు చదివాను. చెకర్ ఉన్నారని తెలుసు, అయినా చెయ్యి ఆడలేదు. ఇంటర్న్‌షిప్ నుంచి ఉద్యోగంలోకి వెళ్లడమంటే జీతం పెరగడమని అందరూ అనుకుంటారు. నాకైతే ఆ బటన్ రంగు మారడమే.

బాబాయ్: (కాసేపాగి) నా మొదటి గోల్డ్ లోన్ పాస్ చేసిన రోజు నాకూ అంతే. సంతకం పెట్టాక అప్రైజరు గారిని మళ్లీ తూచమన్నాను. సరే, అది వదిలెయ్. హెడ్‌కౌంట్ అంటారే, దానికి ఏం చెబుతావు? వీడు అన్నీ సక్రమంగా చేశాడనుకో. న్యూయార్క్‌లో ఎవడో ఈ ఏడాది కొత్తవాళ్లు వద్దన్నాడు. వీడి పది వారాలూ ఏమయ్యాయి?

అమ్మాయి: దానికి నా దగ్గర సమాధానం లేదు. జరుగుతుంది. అప్పుడు వాళ్లు ఇచ్చే కారణం కూడా సరిగ్గా ఉండదు, ఒక మర్యాద మెయిల్ వస్తుంది. ఆగస్టులో క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలన్నీ ‘అక్కడ ఆఫర్ ఎందుకివ్వలేదు’ అని అడుగుతాయి. అది నిజంగా అన్యాయం.

బాబాయ్: ఆఫర్ వచ్చినా గ్యారంటీ ఏముంది? 2023 మార్చిలో క్రెడిట్ సూయిస్ ఒక్క వారాంతంలో యూబీఎస్ చేతికి పోయింది. నూట అరవై ఏళ్లు దాటిన బ్యాంకు అది. మా బ్యాంకూ పోయింది, నిజమే. పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన బ్యాంకు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు. బోర్డు దించుతుంటే నేను బయటికి రాలేకపోయాను. కానీ పేరు పోయినా మా వాళ్ల ఉద్యోగాలు పోలేదు. గుమాస్తా నుంచి జీఎం దాకా అందరం కొత్త బోర్డు కింద పనిచేశాం. అదీ తేడా. పిల్లాడికి తండ్రిగా నేను కోరేది ఆ భద్రతే.

అమ్మాయి: ఆ భద్రత లోపలికి వెళ్లినవాళ్లకే బాబాయ్. గుమ్మం బయట మీవాళ్లూ మారిపోయారు. ప్రభుత్వ బ్యాంకులు ఇప్పుడు అప్రెంటిస్‌లని తీసుకుంటున్నాయి. స్టేట్ బ్యాంకు 2023లో ఏడాది కాలానికి, నెలకి 15,000 స్టైపెండ్ ఇచ్చి తీసుకుంది. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇవ్వాలని లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం దాన్ని సంస్థ ఇష్టానికే వదిలేసింది. డిగ్రీ అయిన కుర్రాడు ఏడాదంతా బ్రాంచీలో పనిచేసి, చివరికి సర్టిఫికెట్ పట్టుకుని మళ్లీ క్లర్కు పరీక్షకే కూర్చుంటాడు. మా పది వారాలు చదువు మధ్యలో, సెలవుల్లో పోతాయి. వాళ్లది డిగ్రీ అయ్యాక ఒక నిండు సంవత్సరం.

బాబాయ్ ఈ మాటకి వెంటనే బదులు చెప్పలేదు. తర్వాత అన్న మాట నాకు గుర్తుండిపోయింది.

బాబాయ్: అది తప్పు. కౌంటరు దగ్గర మనిషి కావాలంటే మనిషిని పెట్టుకోవాలి. ఏడాదికొకడిని మార్చుకుంటే పెన్షన్ కోసం వచ్చే ముసలమ్మకి ఎవరి ముఖం గుర్తుంటుంది? కొన్ని ప్రైవేటు బ్యాంకులు ఇంకొక అడుగు ముందుకేశాయి. ఏడాది కోర్సు పెట్టి, లక్షల్లో ఫీజు కట్టించుకుని, ఆ తర్వాత ఉద్యోగం. తండ్రి అప్పు చేసి ఉద్యోగం కొన్నట్టే లెక్క.

అమ్మాయి: అక్కడ మీతో నాకు పేచీ లేదు.

బాబాయ్: అయితే ఇంకొకటి చెప్పు. మీ గుమ్మం ఎవరికి తెరుస్తారు? శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో డిగ్రీ కాలేజీలో బీకాం ఫస్ట్ క్లాస్‌లో పాసైన పిల్లకి మీ ఇంటర్న్‌షిప్ నోటీసు కూడా చేరదు. బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ నోటిఫికేషన్ పేపర్లో పడుతుంది, ఆ పిల్లా రాయొచ్చు, ఐఐటీ వాడూ రాయొచ్చు.

ఈ ప్రశ్న దగ్గర బాబాయ్ వాదన అన్నిటికంటే బలంగా ఉందని నా అభిప్రాయం. గోల్డ్‌మన్ శాక్స్ 2024 వేసవి ఇంటర్న్‌షిప్‌లకి ప్రపంచమంతటి నుంచీ వచ్చిన దరఖాస్తులు 3 లక్షల 15 వేలు దాటాయి. నూటికి ఒక్కరు కూడా లోపలికి వెళ్లలేదు. ఆ కొద్దిమందిలో మన జిల్లా కేంద్రాల కాలేజీల పిల్లలు ఎందరుంటారో ఊహించడం కష్టం కాదు.

అమ్మాయి: నిజమే. బ్యాంకులు ముందు కాలేజీల పేర్లు ఎంచుకుంటాయి, ఆ తర్వాతే పిల్లల్ని. కొన్ని కిటికీలు తెరిచి ఉన్నాయి. జేపీ మోర్గాన్ కోడ్ ఫర్ గుడ్ అని ఒక హ్యాకథాన్ పెడుతుంది, అందులో బాగా చేసినవాళ్లకి ఇంటర్న్‌షిప్ దారి దొరుకుతుంది. క్యాంపస్‌కి కంపెనీ రాకపోయినా దాని ద్వారా వెళ్లినవాళ్లున్నారు. కానీ అదీ కోడింగ్ వచ్చినవాళ్లకే. బీకాం పిల్లకి కాదు. ఆ పిల్ల విషయంలో మీ పరీక్షే న్యాయమైనది, ఒప్పుకుంటున్నాను. కానీ తమ్ముడికి గుమ్మం తెరుచుకుంది కదా బాబాయ్. తెరుచుకోనివాళ్లు ఉన్నారని తెరుచుకున్నవాడు ఆగిపోవాలా?

బాబాయ్: రాత్రింబవళ్లు పనిచేయిస్తారని అంటారు. 2013లో లండన్‌లో ఒక ఇంటర్న్ చనిపోయాడు కదా.

అమ్మాయి: మోరిట్జ్ ఎర్హార్ట్. మూర్ఛ వచ్చి పోయాడు. అలసట దానికి కారణమై ఉండొచ్చని మాత్రమే విచారణలో తేలింది. ఆ తర్వాత 2015లో గోల్డ్‌మన్ అర్ధరాత్రి నుంచి ఉదయం ఏడు దాకా ఇంటర్న్‌లు ఆఫీసులో ఉండకూడదని చెప్పింది. అదంతా కంపెనీల కొనుగోళ్లు, విలీనాలు చూసే విభాగం సంగతి. తమ్ముడు వెళ్లేది టెక్నాలజీ టీమ్‌కి. సాయంత్రం ఏడింటికి క్యాబ్ ఎక్కుతాడు.

బాబాయ్: సరే, వెళ్లాడనుకో. వచ్చిందనుకో. నా పరీక్ష సంగతి?

అమ్మాయి: ఇక్కడే మీరు తొందరపడుతున్నారు. దరఖాస్తు పెట్టే రోజుకి డిగ్రీ మార్కుల లిస్టు చేతిలో ఉంటేనే ఐబీపీఎస్ పీఓకి కూర్చోనిస్తారు. మూడో ఏడాదిలో వీడు రాయలేడు. చివరి ఏడాది వాళ్లని షరతు మీద అనుమతించేది స్టేట్ బ్యాంకే. అంటే ఈ వేసవిలో నంద్యాలలో ఉన్నా, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని ఆ బ్యాంకు కేంద్రంలో ఉన్నా వీడు పోగొట్టుకునే పరీక్ష ఒక్కటీ లేదు. పీపీఓ చేతికి వస్తే ఇంకా మేలు. తోటి పిల్లలు ఆగస్టు నుంచి కంపెనీల చుట్టూ తిరిగే నెలల్లో వీడు ఇంట్లో కూర్చుని మీ దగ్గర స్టేట్ బ్యాంకుకి చదువుకోవచ్చు. రాకపోతే అదే ఆగస్టులో మీరన్న దారిలోనే వెళతాడు.

బాబాయ్: పీపీఓ వచ్చాక పుస్తకం ముట్టడు వాడు. నాకు తెలియదా?

అమ్మాయి: ముట్టకపోతే ఆ ఆఫరూ నిలవదు. చేరే నాటికి ఒక్క బ్యాక్‌లాగ్ కూడా ఉండకూడదని ఆ ఉత్తరంలోనే రాస్తారు. చివరి సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు తప్పి ఆఫర్ పోగొట్టుకున్న అమ్మాయి నాకు తెలుసు. మార్కుల మెమోలన్నీ బయటి ఏజెన్సీతో తనిఖీ చేయిస్తారు. ఏడాది పాటు ఆ కాగితం చేతిలో పెట్టుకుని జాగ్రత్తగా నడవాలి.

బాబాయ్: బ్రాంచీలో రైతుకి పంట రుణం ఇచ్చినప్పుడు కలిగే తృప్తి ఆ గాజు మేడలో దొరకదు తల్లీ. మీది పేరుకే బ్యాంకు. కౌంటరు లేదు, ఖాతాదారుడు లేడు.

అమ్మాయి: దొరకదు బాబాయ్. అది నేనూ కోల్పోయాను. కానీ అక్కడ లెక్క తప్పితే ఎక్కడో ఒక పెన్షన్ ఫండ్‌కి డబ్బు ఒక రోజు ఆలస్యంగా చేరుతుంది. ఆ ముసలివాళ్లు నాకు కనపడరు, అంతే.

వాదన అంతటితో ఆగింది. కుర్రాడు మే చివర హైదరాబాద్ వెళుతున్నాడు, సూట్‌కేసులో బాబాయ్ పెట్టిన బ్యాంకింగ్ అవేర్‌నెస్ పుస్తకం ఉంది. నా తీర్పు అడిగితే, వెళ్లడమే సరైనది. పని చేసి చూపించే అవకాశం ఇచ్చే ఎంపిక పద్ధతులు మన దేశంలో చాలా తక్కువ. అయితే బాబాయ్ అడిగిన రెండు ప్రశ్నలకి బ్యాంకులూ, కాలేజీలూ ఇంకా జవాబు చెప్పలేదు. ఎవరిని లోపలికి రానిస్తున్నారు? పది వారాల తర్వాత ఎందరిని ఉంచుకుంటున్నారు? ప్రతి కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో ఈ లెక్క ఉంటుంది. ఏ కంపెనీకి ఎంతమంది ఇంటర్న్‌లు వెళ్లారో, వాళ్లలో ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో మూడో ఏడాది మొదటి రోజే నోటీసు బోర్డు మీద పెట్టమని ప్లేస్‌మెంట్ ఆఫీసర్లను కోరుతున్నాను. ఆ కాగితం అడిగి చూసే హక్కు ఫీజు కట్టే ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది.